తిరుగు తేదీ లేని సెయిలింగ్

వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాం మీద బాంబులేసే అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఫైటర్ పైలట్‌కి ఒక అంకె ఉండేది: 100. థాయ్‌లాండ్‌లోని బేస్ నుంచి లేచి, ఉత్తరాన వందసార్లు దాడికి వెళ్లొస్తే అతని పని అయిపోయినట్టే. నూరోసారి దిగిన పైలట్‌ని తోటివాళ్లు నీళ్లతో తడిపి, ఫొటోలు తీసి, ఇంటికి పంపేవాళ్లు. అదే ఆకాశంలో, అవే మిసైళ్ల మధ్య, ఉత్తర వియత్నాం పక్కనున్న టోంకిన్ గల్ఫ్‌లో నిలబడ్డ విమానవాహక నౌక నుంచి ఎగిరే నేవీ పైలట్‌కి మాత్రం అలాంటి అంకె లేదు. ఓడ ఇంటికి వెళ్తే తనూ వెళ్తాడు. ఓడ మళ్లీ వస్తే తనూ మళ్లీ వస్తాడు. 14 నెలల్లో రెండుసార్లకు మించి పంపకూడదని ఒక నియమం పెట్టారు గానీ, అది ప్రయాణాల లెక్క. ఒక్కో ప్రయాణంలో ఎన్నిసార్లు చావు అంచుదాకా వెళ్లి రావాలో దానికి హద్దేమీ లేదు. రెండొందలు దాటినవాళ్లు, మూడొందలు దాటినవాళ్లు ఉన్నారు.

ఈ తేడా చిన్నదేం కాదు. యుద్ధనౌకల మీది పైలట్లను దెబ్బతీసేదేమిటని అడిగితే ఎవరైనా శత్రువు తుపాకీ అంటారు, లేదా సముద్రం అంటారు. రెండూ నిజమే. కానీ చదివినకొద్దీ నాకు కనబడింది మూడోది. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడం. ప్రమాదాన్ని మనిషి తట్టుకోగలడు, దానికి ఒక చివర ఉందని తెలిస్తే. ఆ చివరను ఎవరో ఆఫీసులో కూర్చుని రెండు నెలలు, మళ్లీ ఇంకో నెల ముందుకు జరుపుతూ పోతే, తట్టుకునే శక్తే కరిగిపోతుంది. పైగా ఇది ఆపగలిగిన నష్టం. శత్రువు మిసైల్ మన చేతిలో లేదు, తేదీ మన చేతిలోనే ఉంది.

ముందు ఆ పని ఎలాంటిదో కాస్త చూడాలి. విమానవాహక నౌక మీద దిగడం ల్యాండింగ్ లాంటిది కాదు, పట్టుబడటం లాంటిది. జెట్ గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. తోక కింద ఒక హుక్ వేలాడుతుంటుంది. డెక్ (ఓడ పైతలం) మీద అడ్డంగా మూడో నాలుగో ఉక్కు కేబుళ్లు. ఆ హుక్ వాటిలో ఏదో ఒకదాన్ని అందుకోవాలి. అందుకుంటే రెండు మూడు సెకన్లలో, ఓ వంద మీటర్ల లోపల విమానం ఆగిపోతుంది. చక్రాలు తగిలిన క్షణంలో పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. ఎందుకంటే హుక్ తప్పితే వెంటనే మళ్లీ ఎగరాలి, ముందున్నది సముద్రమే. ఇదంతా రన్‌వే మీద కూడా కాదు. కింద డెక్ ముందుకు పోతుంటుంది, పైకీ కిందకీ ఊగుతుంటుంది. రాత్రయితే పైలట్‌కి కనబడేవి కొన్ని దీపాలు, చుట్టూ చీకటి, ట్యాంకులో తగ్గిపోతున్న ఇంధనం.

అంతటితో అయిపోదు. డెక్ పక్కన నిలబడ్డ ల్యాండింగ్ ఆఫీసర్లు ప్రతి ల్యాండింగ్‌కీ మార్కులేస్తారు. అమెరికా నేవీలో ఆ మార్కులు స్క్వాడ్రన్ (కలిసి ఎగిరే పైలట్ల దళం) గదిలో అందరికీ కనబడేలా బోర్డు మీద రంగు చుక్కలుగా పెడతారు. నాలుగు గంటలు శత్రువు మీద ఎగిరి, బాంబులేసి, మిసైల్ తప్పించుకుని వచ్చినా సరే, చివరి పద్దెనిమిది సెకన్లు సరిగా లేకపోతే ఆ చుక్క రంగు మారుతుంది. మన స్కూళ్లలో ర్యాంకులు గోడకు అంటించే పద్ధతిని తిట్టుకునేవాళ్లు ఇది ఊహించుకోవచ్చు.

1960ల్లో అమెరికా నేవీ వైద్యులు వియత్నాం మీద ఎగిరే పైలట్ల గుండె వేగాన్ని విమానంలోనే రికార్డు చేయించారు. బాంబులు వేసేటప్పుడు, కింద నుంచి కాల్పులు జరుగుతున్నప్పుడు గుండె ఎక్కువ కొట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. తేలింది వేరు. డెక్ నుంచి లేచేటప్పుడు, తిరిగి డెక్ మీద దిగేటప్పుడే గుండె వేగం ఎక్కువ. ఇంటికి చేరడమే ఆ ఉద్యోగంలో ఎక్కువ భయపెట్టే భాగమన్నమాట. అదీ రోజుకి ఒకసారి, కొన్నాళ్లు రెండుసార్లు, నెలల తరబడి.

విశాఖ మల్కాపురంలో మా బంధువుల ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండేవారు. శ్రీకాకుళం జిల్లా మనిషి, మన మొదటి విమానవాహక నౌక, పాత విక్రాంత్ డెక్ మీద సెయిలర్‌గా చేసి రిటైరయ్యారు. పైలట్ల గురించి అడిగితే గొప్పలేమీ చెప్పేవారు కాదు. "దిగిన ఎంటనే మాట్లాడించకూడదు బాబూ. ముందు మంచినీళ్లియ్యాల. గ్లాసు పట్టుకున్న చెయ్యి చూస్తే తెలిసిపోద్ది, ఆ పూట ఎలా దిగాడో" అనేవారు. అవి యుద్ధం రోజులు కూడా కావు, మామూలు ప్రాక్టీసు రోజులు. ఇంతకంటే క్లుప్తంగా ఈ విషయం చెప్పినవాళ్లు నాకు పుస్తకాల్లో కూడా తగల్లేదు.

ఇక యుద్ధం మాట. ఒరిస్కనీ అనే ఓడ కథ ఒక్కటి చెబితే చాలు, మిగతావాటికి అది నమూనా. 1950లో నేవీలో చేరిన ఓడ, వియత్నాం నాటికే ముసలిది. దాని మీద ఉన్నది 16వ ఎయిర్ వింగ్, అంటే ఓడ మీది స్క్వాడ్రన్లన్నీ కలిసిన దళం. ఆ యుద్ధం మొత్తంలో అందరికంటే ఎక్కువ నష్టపోయిన నేవీ ఎయిర్ వింగ్ అదే. 1965 సెప్టెంబర్ 9న దాని కమాండర్ జేమ్స్ స్టాక్‌డేల్ విమానమే కూలింది. ఆయన ఏడున్నరేళ్లు ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ జైల్లో ఉండి 1973లో బయటికొచ్చారు. కమాండరే పట్టుబడ్డాడు, మిగిలినవాళ్లు మర్నాడు ఉదయం మళ్లీ ఎగరాలి.

1966లో ఓడ రెండోసారి వచ్చింది. జులైలో ఒక స్క్వాడ్రన్ కమాండర్ విన్ ఫాస్టర్ కాక్‌పిట్‌లోకి షెల్ దూసుకొచ్చి కుడి చేతిని తెంచేసింది. ఎడమ చేత్తో విమానం సముద్రం మీదికి తెచ్చుకుని, ఎడమ చేత్తోనే ఎజెక్ట్ అయ్యాడు, అంటే సీటుతో సహా బయటికి ఎగిరిపడ్డాడు. బతికాడు. అక్టోబర్ 26 ఉదయం మాత్రం శత్రువు ప్రమేయమే లేదు. రాత్రి వెలుతురు కోసం వాడే మెగ్నీషియం ఫ్లేర్లను సర్దుతున్న ఇద్దరు కుర్రాళ్ల చేతిలో ఒకటి అంటుకుంది. కంగారులో దాన్ని సముద్రంలోకి విసరాల్సింది పోయి, మిగతా ఫ్లేర్లున్న లాకర్లోకే విసిరి తలుపు మూశారు. మంటా పొగా ఓడ ముందు భాగంలో ఆఫీసర్ల గదులను కమ్మేశాయి. 44 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పైలట్లు, కొన్ని గంటల ముందే ఉత్తర వియత్నాం మీద ఎగిరి క్షేమంగా వచ్చి పడుకున్నవాళ్లు. ఆ కుర్రాళ్లను విచారించారు గానీ చివరికి శిక్షేమీ పడలేదు. వాళ్లను నేనూ తప్పుపట్టలేను. ఓడలో రాత్రనక పగలనక పన్నెండేసి గంటల షిఫ్టులు నడిచే కాలం అది. అలాంటి చోట చేతులు తడబడితే ఆశ్చర్యమేముంది?

ఓడకి మరమ్మతులు చేసి 1967లో మూడోసారి పంపారు. ఆ ఒక్క ప్రయాణంలో ఎయిర్ వింగ్ తన విమానాల్లో దాదాపు సగం పోగొట్టుకుంది. 20 మంది పైలట్లు చనిపోయారు, ఏడుగురు బందీలయ్యారు. ఈ మధ్యలోనే, జులై 29న, ఫారెస్టల్ అనే మరో ఓడ మీద అగ్నిప్రమాదంలో 134 మంది పోయారు. ఆ మంటల్లోంచి బయటపడ్డ ఒక పైలట్, ఒరిస్కనీకి మనుషులు చాలడం లేదంటే తనంతట తను వచ్చి చేరాడు. పేరు జాన్ మెకెయిన్. అక్టోబర్ 26న, ఒరిస్కనీ కాలిన రోజుకి సరిగ్గా ఏడాదికి, హనోయ్ కరెంటు ప్లాంట్ మీద మిసైల్ తగిలి ఊరి నడుమనున్న చెరువులో పడ్డాడు. రెండు చేతులూ ఒక కాలూ విరిగాయి. అది అతని 23వ దాడి. తర్వాతి కథ అందరికీ తెలిసిందే, సెనేటర్ అయ్యాడు, ప్రెసిడెంట్ పదవికి పోటీ చేశాడు. మిగతా ఆరుగురి గురించి ఎవరూ రాయరు.

ఇన్ని ప్రాణాలు దేనికి పెట్టారంటే, జవాబు ఇంకా చేదుగా ఉంటుంది. టార్గెట్లను వాషింగ్టన్‌లో మంగళవారం మధ్యాహ్న భోజనాల దగ్గర ప్రెసిడెంట్, ఆయన మంత్రులు కూర్చుని ఎంచేవాళ్లు. కింది స్థాయిలో లెక్కంతా సార్టీల లెక్క. సార్టీ అంటే ఒక విమానం ఒకసారి వెళ్లి రావడం. ఎయిర్‌ఫోర్స్ ఇన్ని చేసింది, నేవీ ఎన్ని చేసింది? 1966లో బాంబులకు కొరత వస్తే, సార్టీల సంఖ్య తగ్గకూడదని సగం సగం బాంబులతో ఎక్కువ విమానాలను పంపారు. రెండు విమానాలు చేయాల్సిన పనికి నాలుగు, అంటే ఇద్దరికి బదులు నలుగురు అదే తుపాకుల ముందుకి. ఉత్తర వియత్నాంలోని థాన్ హోవా వంతెన మీద 1965 ఏప్రిల్‌లో దాడులు మొదలుపెడితే, అది నిజంగా కూలింది 1972లో, లేజర్ బాంబులొచ్చాక. ఈ నడుమ దాని మీదికి ఎన్నోసార్లు పంపారు. ఎలా వెళ్తున్నారో తుపాకుల వాళ్లకి కంఠతా వచ్చేసేంతగా పంపారు.

సార్టీ లెక్కకి ఒక గుణం ఉంది. అందులో విమానం కనబడుతుంది గానీ మనిషి కనబడడు. పైలట్ నిన్న నిద్రపోయాడా, తన గదిలోని రెండో మంచం ఖాళీ అయి ఎన్నాళ్లయింది, ఇవేవీ ఆ కాగితంలోకి రావు.

ఇక్కడ కొందరు అడ్డుపడతారు, నాకూ తెలుసు. "ఏసీ గదులు, వేడి భోజనం, రాత్రికి సినిమా. అడవిలో బురదలో పడుకున్న సిపాయి కష్టంతో పోలుస్తావా?" అని. పోల్చను. సిపాయి కష్టం పెద్దది, అందులో వాదన లేదు. కానీ పైలట్ కష్టానికి వేరే లక్షణం ఉంది. పొద్దున ఎవరి ఊరిమీదో నిప్పు కురిపించి, మధ్యాహ్నం తెల్లటి గుడ్డ పరిచిన బల్ల దగ్గర భోంచేయాలి. ఎదురు కుర్చీలో నిన్న కూర్చున్నవాడు ఈరోజు లేడు. స్క్వాడ్రన్‌లోనే ఒక ఆఫీసర్‌కి డ్యూటీ వేస్తారు, పోయినవాడి సామాను సర్దమని. చొక్కాలు, షేవింగ్ సెట్, పిల్లల ఫొటోలు, సగం రాసిన ఉత్తరం. ఇంటికి పంపకూడనివి ఏమైనా ఉంటే తీసెయ్యాలి. ఉత్తరాలు చదివి చూడాలి. ఆ పని చేసినవాడు ఆ రాత్రే మళ్లీ విమానాన్ని డెక్ మీద నుంచి విసిరే కాటాపుల్ట్ మీదికి ఎక్కుతాడు. బురదలో సిపాయికి యుద్ధం ఒకే ముఖంతో ఉంటుంది. వీళ్లకి రోజూ ఆన్ చేసి ఆఫ్ చేయాలి. మళ్లీ ఆన్ చేయాలి. ఎన్నిసార్లు?

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడు టెక్నాలజీ మారింది కదా అనుకునేవాళ్లు ఎర్రసముద్రం వైపు చూడాలి. ఐసెన్‌హోవర్ నౌక 2023 అక్టోబర్ 14న అమెరికా నుంచి బయల్దేరింది. అప్పటికి గాజా యుద్ధం మొదలై వారమైంది. యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల డ్రోన్లు, మిసైళ్ల మధ్య నెలల తరబడి ఉండి, రెండుసార్లు గడువు పొడిగించాక, 2024 జులై 14న తిరిగొచ్చింది. తొమ్మిది నెలలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నేవీ ఇంత ఎడతెగకుండా సముద్రం మీద కాల్పులు చూడలేదని వాళ్ల అధికారులే అన్నారు. తిరిగొచ్చినవాళ్లకి మానసిక వైద్యం అవసరమవుతుందేమో చూస్తామనీ అన్నారు. పైలట్లు బాంబులేసే పనితోపాటు తమ ఓడల మీదికొచ్చే డ్రోన్లనూ కూల్చాల్సి వచ్చింది. అంటే ఎగిరినప్పుడే కాదు, దిగి పడుకున్నప్పుడు కూడా యుద్ధంలోనే ఉన్నారు. వియత్నాంలో ఓడ దాకా శత్రువు రాగలిగేవాడు కాదు. ఆ ఒక్క నిశ్చింత కూడా ఇప్పుడు పోయింది.

దాని తర్వాత వెళ్లిన ట్రూమన్ సంగతి చూడండి. 2024 డిసెంబర్ 22న దాని ఫైటర్‌ను పక్కనే ఉన్న సొంత యుద్ధనౌక గెట్టీస్‌బర్గ్ పొరపాటున కూల్చేసింది. లోపలున్న ఇద్దరూ ఎజెక్ట్ అయి బతికారు. ఫిబ్రవరిలో ఓడ ఈజిప్టు దగ్గర ఒక సరుకుల నౌకను గుద్దుకుంది, కెప్టెన్‌ను తప్పించారు. ఏప్రిల్ 28న ఇంకో ఫైటర్ హ్యాంగర్‌లోంచి, లాగుతున్న ట్రాక్టర్‌తో సహా జారి సముద్రంలో పడింది. మే 6న దిగుతున్న విమానాన్ని కేబుల్ వ్యవస్థ ఆపలేక మరొకటి పోయింది, మళ్లీ ఇద్దరు ఎజెక్ట్ అయ్యారు. ఐదు నెలల్లో మూడు ఫైటర్లు, ఒక్కటీ శత్రువు కూల్చింది కాదు. ఒరిస్కనీ ఫ్లేర్ లాకర్ గుర్తొస్తే నా తప్పు కాదు.

ఐసెన్‌హోవర్ మీద పనిచేసిన ఒక స్క్వాడ్రన్‌కు చెందిన విమానం, ఇంటికొచ్చిన మూడు నెలలకే, 2024 అక్టోబర్ 15న వాషింగ్టన్ రాష్ట్రంలోని కొండల్లో మామూలు శిక్షణలో కూలింది. లోపలున్న ఇద్దరు యువతులూ చనిపోయారు, ఇద్దరికీ 31 ఏళ్లే. దానికి ఆ తొమ్మిది నెలల అలసటే కారణమని నేను అనను, అనడానికి ఆధారం లేదు. నేననేది ఒకటే. యుద్ధం నుంచి వచ్చాక కూడా ఈ ఉద్యోగంలో విశ్రాంతి అంటే మళ్లీ ఎగరడమే. అందుకే వెళ్లే గడువు ఎంతో ముందే గట్టిగా ఉండాలి.

మరి గడువు ఎందుకు జరుగుతుంది? ఇందులో కుట్రేం లేదు, సులువుగా ఉండటమే కారణం. వేరే దేశంలో ఎయిర్ బేస్ కావాలంటే ఆ దేశాన్ని బతిమాలాలి, వాళ్ల పార్లమెంటు ఒప్పుకోవాలి. విమానవాహక నౌకకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సముద్రంలో అది ఉన్నచోటే ఉంటుంది. ఏదైనా గొడవ రాగానే నాయకుల మొదటి ప్రశ్న, మన ఓడ ఎక్కడుంది అని. అక్కడున్న ఓడనే ఇంకో రెండు నెలలు ఉంచడం కాగితం మీద ఖర్చులేని నిర్ణయం. కొత్తగా ఎవర్నీ పంపక్కర్లేదు, టీవీలో ఎవరూ అరవరు. 1980ల మధ్యలో అమెరికా నేవీయే ఆరు నెలలు దాటకూడదని హద్దు పెట్టుకుంది. ఆ హద్దు నిలబడలేదు. 2003 ఇరాక్ యుద్ధానికి అబ్రహం లింకన్ నౌక పది నెలలు బయటుంది. ఇంటికి వస్తూ దారిలో ఉన్న ఓడను వెనక్కి తిప్పారు. 45 రోజులు ఒడ్డు చూడకపోతే తలా రెండు బీర్లు ఇచ్చే ఆచారం ఒకటుంది వాళ్లకి. పొడిగింపుకి దక్కే పరిహారం అంతే అనిపిస్తుంది ఒక్కోసారి.

అలసటకి మందులూ ఉన్నాయి. 2000లో అమెరికా నేవీ తన వైద్యుల కోసం రాసిన ఒక చేతిపుస్తకంలో, ఆగకుండా ఎగిరే రోజుల్లో మెలకువగా ఉంచే మాత్రలు, తర్వాత నిద్రపుచ్చే మాత్రలు ఎలా వాడాలో ఉంది. ఇచ్ఛాపూర్వకంగానే, వైద్యుడి పర్యవేక్షణలోనే. తప్పంటానా? రాత్రి మూడింటికి దిగాల్సినవాడి దగ్గర అది ఉండటమే మంచిది. కానీ మాత్ర దాకా వచ్చామంటే గడువు సమస్యను మందుల షాపుకి అప్పగించామన్నమాట.

మన సంగతికొద్దాం. విశాఖవాళ్లకి యుద్ధం, విమానవాహక నౌక అనగానే 1971 గుర్తొస్తుంది. విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలోనే మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. డిసెంబర్ 4 నుంచి దాని సీ హాక్‌లు, అలిజేలు అనే విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి. బాయిలర్‌లో పగులుండి ఓడ పూర్తి వేగం అందుకోలేని పరిస్థితిలోనే చేశాయి. ఓడ వేగం తగ్గితే రెక్కలకి అందే గాలీ తగ్గుతుంది. గాలి చాలని రోజు డెక్ మీద నుంచి లేవడమంటే ఏమిటో ఆ పైలట్లకే తెలియాలి. పడమటి తీరంలో నౌక మీద నుంచి కాకుండా ఒడ్డు నుంచి ఎగిరిన ఒక అలిజేను డిసెంబర్ 10న పాకిస్తాన్ ఫైటర్ కూల్చింది, ముగ్గురూ తిరిగి రాలేదు. ఆ యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. అంటే ఎడతెగని యుద్ధకాలపు సెయిలింగ్ అంటే ఏమిటో మన నేవీ పైలట్లు ఇంతవరకు పూర్తిగా చూడలేదు. అది అదృష్టం. దాన్ని అనుభవం అనుకోకూడదు.

యుద్ధం లేకపోయినా ఈ పని ప్రాణాలు తీస్తుంది. 2020 నవంబర్ 26న మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్య నుంచి లేచిన మిగ్-29కె అరేబియా సముద్రంలో కూలింది. కమాండర్ నిశాంత్ సింగ్ దేహం దొరకడానికి 11 రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ సోషల్ మీడియాలో మనం సెల్యూట్లు పెట్టాం, జై హింద్‌లు రాశాం. ఆయన స్క్వాడ్రన్‌లో మిగిలినవాళ్లు ఎలా ఉన్నారని ఎవరైనా అడిగారా? వీరుడనడంలో ఒక సౌకర్యం ఉంది. వీరుడికి అలసట ఉండదు కాబట్టి మనం ఏమీ అడగక్కర్లేదు.

2022 సెప్టెంబర్‌లో కొత్త విక్రాంత్ నేవీలో చేరింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు దాని బృందం ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 28న, నౌక మీద నుంచి ఎగిరే 26 రఫాల్-ఎం ఫైటర్ల కొనుగోలుకు సంతకాలయ్యాయి. రెండు విమానవాహక నౌకలు, కొత్త విమానాలు, మూడోది కావాలనే చర్చ. టీవీ స్టూడియోల్లో మ్యాపులు పెట్టి బాణాలు గీస్తున్నారు. ఆ బాణం కొసన కూర్చునే మనిషి ఎన్నాళ్లు కూర్చోవాలో మాట్లాడేవాళ్లు లేరు. అసలే నౌక మీద దిగగల పైలట్లు మన దగ్గర కొద్దిమంది. కొద్దిమంది ఉన్నచోటే పొడిగింపులు ఎక్కువ, బదులు పంపడానికి ఎవరూ ఉండరు గనక.

యుద్ధంలో తేదీ ముందే ఎలా చెబుతారు, శత్రువుకి తెలిసిపోదా అనే ప్రశ్న సరైనదే. ఓడ తేదీ చెప్పనక్కర్లేదు. పైలట్‌కి అంకె చెప్పొచ్చు. ఓడ ఉండిపోయినా మనిషి మారొచ్చు. ఎయిర్‌ఫోర్స్ చేసిన నూరు లెక్క సరిగ్గా అదే, బేస్ కదల్లేదు, మనుషులు మారారు. దానికీ లోపాలున్నాయి. తొంభై దాటాక కూలినవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచి ఎగిరిన అమెరికా బాంబర్ సిబ్బందికి 25 అని చెప్పి, తర్వాత 30కి, 35కి పెంచితే వాళ్లెంత కుంగారో రాశారు. పెంచే అంకె లేని అంకె కంటే ఘోరం కావచ్చు. అందుకే ఒకసారి రాశాక దాన్ని మార్చే అధికారం నేవీ ప్రధాన కార్యాలయానికి కూడా ఉండకూడదు, మంత్రివర్గం సంతకం కావాలి, ఎందుకు పెంచారో రాతపూర్వకంగా చెప్పాలి. పొడిగింపు అప్పుడు ఖర్చులేని నిర్ణయంగా మిగలదు.

దీనికి మరింత మంది పైలట్లు కావాలి, అంటే మరింత శిక్షణ, మరింత డబ్బు. మూడో ఓడ కొనే డబ్బులో చిన్న ముక్క అవుతుంది. 26 రఫాల్‌లకు ఎంతమందిని తయారుచేస్తున్నారు, ఒక్కో సీటుకి ఎంతమంది, విశ్రాంతికి ఎన్నాళ్లు? పార్లమెంటులో ఎంపీలు విమానం ధర మీద ఎన్ని ప్రశ్నలైనా వేస్తారు. మన విశాఖ ఎంపీ అయినా ఈ ప్రశ్న ఒక్కటి లిఖితపూర్వకంగా వేస్తే బావుంటుంది. మొదటి రఫాల్-ఎం 2028కి రావాలి, జవాబు రాసుకోవడానికి టైముంది.